అక్తరున్నీసా ఖాలా మాట్లాడే ఫోను

అక్తరున్నీసా ఖాలా వేళ్ళను ఏ ఫోనూ గుర్తుపట్టేది కాదు. నలభై ఏళ్ళుగా వేడి లక్కను ఒత్తి, సాగదీసి, గుండ్రంగా చుట్టిన వేళ్ళవి. కొసలు కొమ్ములా గట్టిపడ్డాయి. గాజు తెర మీద ఆనిస్తే ఫోనుకు అది వేలో, చెక్క పుల్లో తెలిసేది కాదు. రేషన్ షాపులో కూడా వేలిముద్ర పడక కళ్ళు చూపించి బియ్యం తెచ్చుకునేది. అది ఆమెకు పెద్ద లెక్కలోది కాదు. నంబరు ఎవరైనా కలిపి ఇస్తే చాలు, మిగతా పని గొంతు చూసుకునేది.

ఆ గొంతు నాకు బాగా తెలుసు. హుస్సేనీ ఆలం మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీ మొదట్లో నా సెల్ రిపేరు దుకాణం. నాలుగిళ్ళ అవతల ఆమె ఇంటి కింది గది లక్క గాజుల కార్ఖానా. కార్ఖానా అంటే మధ్యలో ఒక బొగ్గుల బట్టీ, చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కూర్చునే చాపలు, అంతే. చార్మినార్ పక్క లాడ్ బజార్ దుకాణాలకు అక్కడి నుంచే గాజులు పోతాయి. పొద్దున నేను షటర్ ఎత్తేసరికే కేకలు మొదలయ్యేవి. ఆగమనడానికి ‘రుకో’, తిప్పమనడానికి ‘ఘుమావ్’, నిప్పు మీంచి తియ్యమనడానికి ‘నికాల్’. రోజంతా ఈ మూడు మాటలే, నడుమ నడుమ తిట్లు.

ఆ మూడు మాటల మీదే ఆ గది నడిచేది. కర్ర కొసన ముద్దగా పెట్టిన లక్కను బొగ్గుల మీద తిప్పుతుంటే ముందు మెత్తబడుతుంది, ఆ తర్వాత పైన సన్నటి మెరుపు వస్తుంది. మెరుపు రాగానే తీసి ఇనుప రేకు మీద సాగదీయాలి. ఒక్క ఊపిరి ముందు తీస్తే సాగేటప్పుడు అంచులు పగులుతాయి. ఒక్క ఊపిరి ఆలస్యమైతే జారి బొగ్గుల్లో పడుతుంది. ముగ్గురు ఆడవాళ్ళ చేతుల్లోని మూడు కర్రల మీదా ఆ మెరుపు ఖాలాకు ఒకేసారి కనిపించేది. ఆమెను ఖాలా అని, అంటే పెద్దమ్మ అని, పిలిచే చెల్లెలి కూతురు మాహిరా పదిహేనేళ్ళుగా పక్కనే కూర్చుంటున్నా సగం సార్లు తప్పేది.

“నాకు కనబడది అన్నా. ఖాలా చెప్తది, నేను తీస్తా. గంతే” అనేది నాతో.

రెండేళ్ళ కింద ఖాలా గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. దాని మీద పల్చటి మల్లు గుడ్డ కట్టుకునేది. బట్టీ దగ్గరికి పోవద్దని డాక్టర్లు చెప్పారు. గోడకు పొగ లాగే ఫ్యాను పెట్టించుకుని రెండు నెలలకే వచ్చి కూర్చుంది. గొంతుకు ఆనించి పట్టుకునే యంత్రం ఒకటి ఆసుపత్రిలో చూపించారట. కోసిన చోట చర్మం బండబారి దానితో మాట పలకలేదు.

తలుపుకు ఎదురుగా ఉన్న చాప ఉస్తాద్‌ది. అక్కడ కూర్చున్న మనిషి చెప్పాలి, మిగతావాళ్ళు చెయ్యాలి. గొంతు లేని ఖాలా అక్కడ కూర్చుని చప్పట్లు కొట్టింది. ఇనుప రేకు మీద చెక్క పిడితో టకటకా తట్టింది. ఆ తట్టుడు ఎవరికో ముగ్గురిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. ముగ్గురూ ఒకేసారి తీసేవాళ్ళు, లేదంటే ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. ఆ నెల పగిలిన లక్కే ఒక డబ్బా నిండిందని మాహిరా చెప్పింది.

అప్పుడు ఇద్దరూ నా దుకాణానికి వచ్చారు.

“అన్నా, రాస్తే చదివే ఫోను ఉంటదంట కదా. ఖాలాకు గది కావాలె” అంది మాహిరా.

అది కష్టమేం కాదనుకున్నాను. ఒక ఫోనులో అలాంటి యాప్ వేసి ఖాలా ముందు పెట్టాను. ఆమె వేలు పెట్టింది. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కింది. మళ్ళీ ఏమీ కాలేదు. తెర మీది ప్లాస్టిక్ కాగితం పీకాను, సెట్టింగుల్లో స్పర్శ పెంచాను, వేలు తడి చేసుకోమన్నాను. నాలుగు నొక్కులకు ఒక అక్షరం పడింది, అదీ పక్కది. ఖాలా నా బిల్లు పుస్తకం లాక్కుని వెనకవైపు ఉర్దూలో ఏదో రాసింది. నాకు ఆ అక్షరాలు రావు. మాహిరా చదివి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“ఏంది?”

“నీ ఫోన్ లెక్కల నేను చచ్చిపోయిన్నా అని అడుగుతున్నది అన్నా.”

తెర మీద రాసే పెన్ను ఇచ్చాను. దానితో రాయాలంటే చూపు ఫోను మీద ఉండాలి, కుడి చెయ్యి అందులో ఇరుక్కోవాలి. బట్టీ దగ్గర చూపు లక్క మీంచి తీస్తే అయిపోయినట్టే. పాత మీటల ఫోన్లు చూపించాను. చూడకుండా నొక్కగలదు గానీ, అవి రాసింది చదివి వినిపించవు.

ఛత్రినాకలో మా ఇంటి వెనక డానియేలు సార్ ఉంటారు. ఒకప్పుడు టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ నడిపారు, అది మూతపడ్డాక కూడా మీటలున్న వస్తువు ఏది కనబడినా తెచ్చి బీరువాలో పెట్టుకుంటారు. ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను. పైన తెర, దాన్ని బొటనవేలితో పక్కకు తోస్తే కింద నుంచి పూర్తి కీబోర్డు బయటికి జరిగే స్మార్ట్‌ఫోను ఒకటి తీసి ఇచ్చారు. అలాంటివి కొన్నాళ్ళు వచ్చి ఆగిపోయాయి.

“తీస్కపోవయ్యా. నా దగ్గర ఉండి ఏం జేస్తది? మాట్లాడేవాళ్ళ దగ్గరుంటే మంచిది” అన్నారు.

ఏ ఫోనైనా సరే నేను కొంత చూసి గానీ మాట చెప్పను. ఆ రాత్రి దాన్ని విప్పి దుమ్ము తుడిచి, యాప్ వేసి, జరుపుడు సాఫీగా ఉందని రూఢి చేసుకున్నాను. పొద్దున ఖాలా చేతిలో పెట్టి, “అన్నీ మంచిగున్నయ్ ఖాలా” అన్నాను.

ఆమె నా మాట పట్టించుకోలేదు. ఫోను ఆన్ కూడా చెయ్యలేదు. అంచుల వెంట బొటనవేలు నడిపింది. గాజుకు గరుకు మిగిలిందేమో చూసినట్టు. చెవి దగ్గర పెట్టుకుని తెరిచింది, మూసింది, తెరిచింది. తర్వాత కళ్ళు మూసుకుని మీటలన్నీ ఒక్కొక్కటిగా నొక్కుతూ పోయింది. రెండు చోట్ల ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ నొక్కి, వాటి మీద వేలు పెట్టి నాకు చూపించింది.

“ఆ రెండూ మెత్తగున్నయంట” అంది మాహిరా.

నేను ఒప్పుకోలేదు. వాదించడం దేనికని ఆమె ముందే కీబోర్డు విప్పి మైక్రోస్కోపు కింద పెట్టాను. మీట కింద చిన్న లోహపు బొడిపె ఉంటుంది, నొక్కితే టిక్కుమనేది అదే. ఆ రెండు మీటల కింద బొడిపెలు వాలిపోయి ఉన్నాయి. ఎంత వాలాయంటే, మైక్రోస్కోపు లేకపోతే నాకు కనిపించనంత. స్పర్శ లేదని ఫోన్లన్నీ తోసిపుచ్చిన వేళ్ళకు అది దొరికింది. మరో పాత బోర్డు నుంచి రెండు బొడిపెలు తీసి మార్చి ఇచ్చాను. మళ్ళీ కళ్ళు మూసుకుని నొక్కింది. తల ఊపింది.

ఏడో తరగతి దాకా చదివిన ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు గుర్తున్నాయి. వాటితో ఉర్దూ కొడితే యాప్ చదివేది. తెలుగు కొట్టినా అదే యాసతో చదివేది. దుకాణంలో కూర్చుని, నేను తెప్పించిన చాయ్ తాగుతూ, చాలాసేపు వెతికి వెతికి కొట్టింది. రైల్వే స్టేషన్లో బండి వచ్చే సంగతి చెప్పే ఆడగొంతులాంటి గొంతు పలికింది:

“నర్సింహా, నీ చాయ్ మంచిగ లేదు.”

మాహిరా నవ్వి నవ్వి కూలబడింది. తర్వాత ఎందుకో ఏడ్చింది.

మూడు మీటలకు మూడు మాటలు, ఇంకో మూడింటికి ముగ్గురి పేర్లు పెట్టి ఇచ్చాను. మనిషి మీట, మాట మీట, రెండే నొక్కులు. ఫోను తెరిచి ఎడమ తొడ మీద పెట్టుకుని, ఎడమచేత్తో చూడకుండా నొక్కుతూ, కుడిచేత్తో తన గాజు తను చేసుకునేది. వారం తిరక్కుండానే నా షటర్ దగ్గరికి మళ్ళీ వినిపించడం మొదలైంది. “మాహిరా, నికాల్.” “సత్తెమ్మా, రుకో.” గల్లీలో వాళ్ళు ‘స్టేషన్ ఖాలా’ అని పేరు పెట్టారు. ఒకసారి కూరగాయల బండివాడు తక్కువ తూచినప్పుడు ఆ మర్యాదైన గొంతుతో మూడు తరాలూ తిట్టించింది. ఫోను ఒక్క మాట కూడా మింగలేదు. వాడు దండం పెట్టి ఇంకో రెండు టమాటాలు వేశాడు.

ఏడాది పైన అలా గడిచింది.

బోనాలకు నేను రెండు రోజులు దుకాణం మూశాను. ఛత్రినాకలో పండగంటే ఇంట్లోంచి కదలనివ్వరు. సరిగ్గా అప్పుడే మాహిరా పేరున్న మీట ఊడి చేతిలోకి వచ్చిందట. నేను తెరిచేదాకా ఆగితే రెండు రోజులు పని ఆగుతుంది. ఖాలా ఆగలేదు. ఆవగింజంత తెల్ల లక్కను సూది మొన మీద కరిగించి, మీట వెనక పెట్టి, చోటు చూసి ఒత్తింది. నేను వచ్చాక చూపించింది. ఒక్క చుక్క బయటికి రాలేదు. మీట వంకర లేదు. ఎత్తు కూడా పక్కవాటితో సమానం.

“నా గమ్ము కంటే నీ లక్క మస్తుగున్నది ఖాలా” అన్నాను.

నిజంగానే అన్నాను. ఆ పనితనం చూసి ముచ్చటేసింది. గమ్ము పెడితే పొగ తెల్లగా చుట్టూ అంటుకుంటుంది, ఇది అద్దంలా ఉంది. ఆ మాట విని ఆమె ఇంకో నాలుగు మీటలకు, వదులు కాకపోయినా, ముందుజాగ్రత్తగా అలాగే లక్క పెట్టుకుంది. లక్క వేడికి ఏమవుతుందో ఆ గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమెకు నలభై ఏళ్ళుగా తెలుసు. నాకు తెలుసు. పనితనం బాగుండటంతో ఇద్దరిలో ఎవరికీ ఆ సంగతి తోచలేదు.

రంజాన్ నెలలో గాజుల పని మామూలు కంటే మూడింతలు ఉంటుంది. ఒక మధ్యాహ్నం నమాజుకు లేస్తూ ఖాలా ఫోను మూసి, బట్టీ పక్క కిటికీ గూట్లో చార్జింగు పెట్టింది. ఎండ కిటికీలోంచి పడుతోంది. కింద బట్టీ. లోపల చార్జింగు వేడి. తిరిగి వచ్చి చూస్తే ఫోను తెరుచుకోలేదు. లక్క మెత్తబడి మీటల కిందినుంచి జారి, తెర జరిగే గాడిలోకి దిగి, ఆ తర్వాత నీడ పడ్డాక గట్టిపడింది.

ఆ సమయంలో నా దగ్గరికి తెచ్చి ఉంటే ఏమైనా అయ్యేదేమో. కానీ అతుక్కున్న లక్కను విడదీయడం ఆమెకు తెలిసిన పని. సైజు చూసే చెక్కకు గాజు అతుక్కుంటే బొగ్గుల మీద రెండు ఊపిర్లు చూపించి, మెల్లగా తిప్పి లాగుతారు. ఖాలా ఫోనుకు అదే చేసింది.

“మస్తు నాజూగ్గ తీసింది అన్నా. ఒక్క గీత పడలే” అంది మాహిరా, ఫోను నా బల్ల మీద పెడుతూ.

నిజమే, గీత లేదు. ఫోను తెరుచుకుంది. లోపల బ్యాటరీ ఉబ్బింది. కీబోర్డుకూ తెరకూ మధ్య కాగితంలా పల్చటి తీగల పట్టీ ఒకటి ఉంటుంది, జరిపినప్పుడల్లా మడతపడి సాగేది అదే. అది లక్కలో మునిగి బెరడులా అయింది. కదిపితే మూడు చోట్ల విరిగింది.

ఖాలా బల్ల అవతల నిలబడి నా మొహమే చూస్తోంది. లక్క మీద మెరుపు చూసే చూపు అది. నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

“పట్టీ దొరుకుతదేమో అడుగుతా” అన్నాను. నాలుగు చోట్ల అడిగాను. ఆ మోడల్ పేరు చెబితేనే నవ్వారు.

డానియేలు సార్ తన పాత విద్యార్థులకు ఫోన్లు చేసి, పన్నెండో రోజున ఇంకో జరిగే కీబోర్డు ఫోను సంపాదించారు. వేరే కంపెనీది, కొంత కొత్తది. “మూడు దినాలు వాడి చూడుమనయ్యా. ఖాయం జేసినంకనే చెప్పు” అన్నారు. అప్పటికి పండగకు ఐదు రోజులు ఉంది. ఉస్తాద్ చాప మీద ఖాలా కూర్చుంటోంది గానీ, పన్నెండు రోజులుగా చేత్తో సైగలు, రేకు మీద తట్టుడు. సత్తెమ్మ చెయ్యి ఒకసారి కాలింది.

ఈసారి పరీక్ష బట్టీ దగ్గరే పెట్టాం. నేనూ వెళ్ళి గడప మీద కూర్చున్నాను.

ఖాలా మామూలుగానే అంచులు తడిమింది, చెవి దగ్గర తెరిచింది. ఇది పక్కకు జరగడంతో పాటు తెర పైకి లేచి వాలుగా నిలబడుతుంది. తొడ మీద పెట్టుకుంటే ఆ తెర బొడ్డుకు తగిలింది. మొహం చిట్లించింది. తిప్పి పెట్టుకుంది. మీటలు సమతలంగా ఉన్నాయి, నడుమ సందులు తక్కువ. మొదటి గంట పక్క మీటల మీద పడుతూనే ఉంది.

“సత్తెమ్మా, ఘుమావ్” అంది ఫోను. తిప్పాల్సింది మాహిరా.

“నేనేం జేసిన్నమ్మా?” అంది సత్తెమ్మ.

“చుప్. నీకు కాదు” అని ఖాలా వెతికి కొట్టింది. అంతలో మాహిరా లక్క జారి బొగ్గుల్లో పడింది. గదంతా పొగ. ఖాలా మెడ గుడ్డ అడ్డం పట్టుకుని దగ్గింది. ఆ దగ్గుకు కూడా చప్పుడుండదు, భుజాలు ఊగుతాయంతే.

కానీ రెండో రోజుకు వేళ్ళు దారి పట్టాయి. మధ్యాహ్నానికి మూడు కర్రలూ నడుస్తున్నాయి. “మాహిరా, నికాల్. సత్తెమ్మా, రుకో. రుకో. నికాల్.” నేను గడప మీద కూర్చుని ఒక్క గాజు కూడా పగలకపోవడం చూశాను. ఖాలా నా వైపు తిరిగి కొట్టింది:

“నర్సింహా, ఇది నాలుగో బహూ లాంటిది. పని చేస్తది, నఖరాలు చేస్తది.”

“ఖాలాకు ఒక్క కోడలే కదా!” అంది సత్తెమ్మ.

“గందుకే బతికిపోయిన” అంది స్టేషన్ గొంతు.

మూడో రోజు సాయంత్రం నేను నా వంతు చూడాలి. విప్పకుండా ఖాయం చేసే అలవాటు నాకు లేదు. దుకాణంలో వెనక మూత తీసి, పల్చటి పట్టీ దగ్గర దీపం పెట్టి చూశాను. తెర లేచి నిలబడే చోట పట్టీ మరీ ఇరుకుగా మడతపడుతోంది. మడత మీద వెంట్రుకంత చీలిక. తీగల్లో రెండు ఇప్పటికే సగం తెగాయి.

ఖాలాకు మైక్రోస్కోపులో చూపించాను.

“ఎన్ని దినాలు?” అని కొట్టింది.

“చెప్పలేను ఖాలా. నెల. రెండు నెలలు. తెరిచి మూసినప్పుడల్లా పెరుగుతది.”

ఆలోచించింది. వేళ్ళు మెల్లగా కదిలాయి. “తెరవను. మూయను. తెరిచే పెడత. ఎప్పటికీ.”

మంచి ఆలోచన. నాకు తోచనిది. మడత కదలకపోతే చీలిక పెరగదు. అలాగే ఇచ్చి పంపాల్సింది. కానీ సగం తెగిన తీగను కళ్ళారా చూసి మూత వేయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. ఆ రెండు తీగల మీదుగా వెంట్రుకలాంటి రాగి తీగ అతికిస్తే చీలిక ఉన్నా లేనట్టే. అలాంటివి వందలు చేశాను.

“ఒక్క గంట కూసో ఖాలా. పక్కా చేసి ఇస్త” అన్నాను.

ఆమె ఫోను వైపు చెయ్యి చాచింది. ఇచ్చెయ్యమని. నేను నవ్వి, “ఫికర్ జేయకు” అన్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. పనివాడి చేతిలోంచి పని లాక్కోవడం ఆమెకు అలవాటు లేదు.

మొదటి తీగ చక్కగా అతికింది. రెండోదానికి సోల్డరింగ్ మొన ఆనించాను. పట్టీ నేననుకున్నదానికంటే పాతది, ఎండిపోయి ఉంది. రాగి గీత లేచి, మొనకు అంటుకుని, బయటికి వచ్చేసింది. దాని వెంట పక్కది. దాని వెంట ఇంకోటి. తల వెంట్రుక లాగినట్టు, అంత తేలిగ్గా. నేను మొన ఎత్తేశాను.

ఖాలా మైక్రోస్కోపు తెర మీద అంతా చూస్తూనే ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టడానికి ఫోను నా చేతిలోనే ఉంది.

మాహిరా, “ఏమైందన్నా?” అంది. “పోయింది” అన్నాను.

డానియేలు సార్‌కు చెబితే, “పోనీలేవయ్యా, ఇంకోటి జూద్దాం” అన్నారు గానీ, ఇంకోటి లేదని ఆయన గొంతులోనే ఉంది.

మిగిలిన దారి ఒకటే, వైరు లేకుండా ఫోనుకు కలిసే విడి కీబోర్డు. అరచేయంత ఉంటుంది, మీటలు బాగుంటాయి, బజారులో ఎన్నైనా దొరుకుతాయి. మరి ముందే ఎందుకు ఇవ్వలేదంటే, దాని గుణం నాకు తెలుసు. కాసేపు ముట్టకపోతే నిద్రపోతుంది. లేపితే లేస్తుంది, కానీ లేవడానికి రెండు క్షణాలు పడుతుంది. ఉత్తరం రాసేవాళ్ళకు రెండు క్షణాలు తెలియను కూడా తెలియవు. ఆ నిద్ర తీసేసే సెట్టింగు కోసం ఒక రోజంతా వెతికాను. మూడు రకాలు మార్చాను. మూడూ నిద్రపోయేవే.

పండగ ముందు రోజు మామూలు ఫోను ఒకటి షెల్ఫు మీద ఉంచి, ఆ కీబోర్డును బట్టీ దగ్గర ఖాలా తొడ మీద పెట్టాం. మొదట్లో బాగానే ఉంది. తర్వాత ఖాలా తన గాజు మీద వంగి ఒక చుట్టు పూర్తి చేసి, తలెత్తి, మాహిరా కర్ర చూసి రెండు మీటలు నొక్కింది. మౌనం. ఖాలా నోరు తెరుచుకుంది, లోపల గొంతు ఉన్నట్టే. లక్క జారింది. పడింది. అప్పుడు షెల్ఫు మీది ఫోను తీరిగ్గా అంది:

“మాహిరా, నికాల్.”

సత్తెమ్మ ఫక్కున నవ్వి, ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయింది.

కీబోర్డు నిద్రపోకుండా ఖాలా బొటనవేలితో ఖాళీ మీటను అదేపనిగా నొక్కుతూ కూర్చుంది. గంటసేపు అది నడిచింది. బొటనవేలు ఆ పనిలో ఉంటే మిగతా వేళ్ళు చోటు తప్పాయి. సత్తెమ్మకు వెళ్ళాల్సిన మాట మాహిరాకు వెళ్ళింది. ఇంకో రెండు పడ్డాయి. లాడ్ బజార్ నుంచి మనిషి వచ్చి గడప దగ్గర నిలబడి ఇంకా ఎన్ని డబ్బాలని అడిగి పోయాడు.

ఖాలా కీబోర్డును పక్కన పెట్టింది. విసిరేయలేదు. తన తల మీది గుడ్డతో తుడిచి, నా చేతికి ఇచ్చింది. లేచి నిలబడి మాహిరా చెయ్యి పట్టుకుని లాగింది.

“నక్కో ఖాలా” అంది మాహిరా, వద్దని. “నాతోని గాదు. నాకు కనబడది.”

ఖాలా ఇంకా లాగింది. మాహిరా ఏడుస్తూనే తలుపుకు ఎదురుగా ఉన్న చాప మీద కూర్చుంది. ఖాలా మాహిరా చోట కూర్చుని, ఆమె కర్ర తీసుకుని, లక్క ముద్ద పెట్టి, బొగ్గుల మీద తిప్పడం మొదలుపెట్టింది. మిగతా ఇద్దరూ వాళ్ళ వాళ్ళ కర్రలు పట్టుకున్నారు. అందరూ మాహిరా మొహం చూస్తున్నారు.

మాహిరా ముందుకు వంగి మూడు కర్రల మీదా చూపు తిప్పింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“సత్తెమ్మా, ఘుమావ్” అంది. తర్వాత, “ఖాలా... నికాల్.”

ఖాలా కర్ర మీది లక్క ఇంకా మసకగానే ఉంది. ఈ నాలుగు రోజులు గడప మీద కూర్చుని చూసిన నాకే తెలిసింది, మెరుపు రాలేదని. ఖాలాకు తెలియకుండా ఉండదు. ఆమె చెయ్యి ఒక్క క్షణం బొగ్గుల మీదే ఆగింది. తర్వాత, చెప్పినట్టే, తీసింది. రేకు మీద పెట్టి సాగదీసింది. అంచులు పగిలాయి.

“జల్దీ చెప్పిన్నా?” అంది మాహిరా.

ఖాలా ఆమె వైపు చూడలేదు. పగిలిన ముక్కను డబ్బాలో వేసి, ఇంకో ముద్ద కర్రకు పెట్టి, నిప్పు మీద తిప్పుతూ, మాహిరా చెప్పేదాకా ఆగింది.